చేతిలో చిన్న డబ్బా ఉంటే...

క్రితం ఏడాది కార్తీకమాసంలో అందరం కలిసి అన్నవరం వెళ్లాం. వ్రతం అయింది, దర్శనం అయింది. కొండ దిగేముందు మావారు ప్రసాదం పొట్లాలు తెచ్చారు. ఆకు పొట్లం విప్పగానే నెయ్యి, ఏలకుల వాసన గుప్పుమంది. మా అత్తయ్యగారు అలవాటు ప్రకారం ముందు పిల్లల చేతుల్లో పెట్టబోయారు. మా అబ్బాయి చెయ్యి చాపాడు. మా అమ్మాయి మాత్రం రెండు చేతులూ వెనక్కి పెట్టేసుకుంది.

"అది గోధుమనూకతో చేస్తారు నాయనమ్మా, నేను తినకూడదు" అంది.

పదేళ్లు నిండని పిల్ల. ఏడవలేదు, మారాం చెయ్యలేదు. తప్పు చేసినదానిలా నేలచూపులు చూసింది. చుట్టుపక్కల వాళ్లు మాత్రం ఊరుకుంటారా? "దేవుడి ప్రసాదం కాదనకూడదమ్మా, కళ్లకద్దుకుని కాస్తంత నోట్లో వేసుకో, ఏం కాదు" అని ఒకావిడ. "ప్రసాదం విషమవుతుందా?" అని ఇంకొకావిడ. నాకేం చెప్పాలో తోచలేదు. నా సంచీలో నీళ్ల సీసా ఉంది, దువ్వెన ఉంది, చిల్లర ఉంది. ఆ పిల్ల చేతిలో పెట్టడానికి మాత్రం ఏమీ లేదు.

ఆ రోజు తెలిసింది నాకు. ఈ జబ్బున్న పిల్లకి భోజనం పెట్టడం కష్టం కాదు. మనం అన్నం తినే వాళ్లం. పప్పు, కూర, చారు, పెరుగు... ఏ పూటకాపూట గడిచిపోతుంది. కష్టమల్లా ఆ మధ్యలో వచ్చే చిన్న చిన్న ముద్దలతోనే. బళ్లో ఎవరి పుట్టినరోజుకో పంచే కేకు ముక్క, రైల్లో పక్కవాళ్లు ఇచ్చే బిస్కెట్టు, పేరంటంలో చేతిలో పెట్టే మిఠాయి. ఆకలి తీర్చేవి కావు అవి, నలుగురిలో కలిపేవి. వాటి దగ్గరే పిల్ల ఒంటరిదైపోతుంది.

బలానికని పెట్టిందే...

మా అమ్మాయికి ఉన్నది సీలియాక్ జబ్బు. ఏడో ఏట తెలిసింది. అంతకుముందు రెండేళ్లు మేం పడని పాట్లు లేవు. పిల్ల సన్నగా పుల్లలా ఉండేది, పొట్ట మాత్రం ఉబ్బి ఉండేది. వారానికి నాలుగు రోజులు విరేచనాలు. ముఖం పాలిపోయి, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. రక్తం తక్కువగా ఉందన్నారు, ఐరన్ టానిక్కులు సీసాలకి సీసాలు పట్టించాం. నులిపురుగులన్నారు, మందు వేశాం. దిష్టి అన్నారు, అదీ తీశాం.

పిల్లకి బలం పట్టాలని నేనేం చేశానో తెలుసా? రాత్రిళ్లు అన్నం మానిపించి చపాతీలు పెట్టాను. పొద్దున్నే పాలల్లో బార్లీ మాల్టు పొడి కలిపి ఇచ్చాను. సాయంత్రం గోధుమ బిస్కెట్లు. ఏది పిల్లని లోపల్లోపల తినేస్తోందో దాన్నే, ప్రేమతో, పూటకింత పెంచుతూ పోయాను. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో దేవినట్టవుతుంది.

గోధుమలో, బార్లీలో, రై అనే మరో ధాన్యంలో ఉండే ఒక రకం మాంసకృత్తుల్నే గ్లూటెన్ అంటారు. చపాతీ పిండి సాగడానికి, బ్రెడ్డు పొంగి మెత్తగా రావడానికి కారణం అదే. చాలామందికి దానివల్ల ఏ ఇబ్బందీ లేదు. ఈ జబ్బు ఉన్నవాళ్లలో మాత్రం, ఆ గ్లూటెన్ లోపలికి వెళ్లగానే ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే తిరగబడి చిన్నపేగు లోపలి పొరని దెబ్బతీస్తుంది. తిన్న ఆహారంలోని సారాన్ని పీల్చుకోవడానికి పేగు లోపల తివాచీ నూగులాంటివి ఉంటాయి. అవి అరిగి చదునైపోతాయి. ఇక ఎంత తిన్నా, ఎన్ని టానిక్కులు తాగినా ఒంటికి పట్టదు. కొందరిలో విరేచనాలు ఉండకపోవచ్చు. ఎంతకీ తగ్గని రక్తహీనత, పిల్లలు ఎదగకపోవడం, ఎముకలు బలహీనపడటం లాంటివే గుర్తులు కావచ్చు. గోధుమే ప్రధాన ఆహారమైన ఉత్తరాదిలో ఈ జబ్బు ఎక్కువ. మన దక్షిణాదిలో బాగా తక్కువ. అందుకేనేమో మనవైపు ఇది తొందరగా ఎవరికీ తట్టదు.

ముందు రక్తపరీక్ష చేస్తారు. తర్వాత నోటి ద్వారా గొట్టం పంపి చిన్నపేగు నుంచి రవ్వంత ముక్క తీసి చూస్తారు. ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. అనుమానం రాగానే మనంతట మనం గోధుమ మానిపించెయ్యకూడదు. పరీక్షల నాటికి గోధుమ తింటూ ఉంటేనే జబ్బు సరిగా బయటపడుతుంది. పరీక్షలయ్యాక, డాక్టరు చెప్పాక మానాలి. అప్పుడిక జన్మంతా మానాలి. దీనికి వేరే మందు లేదు. తిండే మందు.

ఈ సంగతి కనిపెట్టిన కథ కూడా ఆశ్చర్యంగా ఉంటుంది. 1888లోనే లండన్లో సామ్యూల్ గీ అనే డాక్టరు ఈ జబ్బుని వర్ణించి, నయమయ్యేదంటూ ఉంటే తిండి మార్పుతోనే అని రాశాడు. అయితే ఏ తిండి అన్నది తెలియలేదు. 1924లో అమెరికాలో సిడ్నీ హాస్ అనే డాక్టరు అరటిపళ్లు పెట్టి పిల్లల్ని కోలుకునేలా చేశాడు. గుణం అరటిపండుదే అనుకున్నారంతా. అసలు సంగతి బయటపెట్టింది హాలెండ్ పిల్లల డాక్టరు విల్లెం డికె. రెండో ప్రపంచయుద్ధం చివర, 1944-45 చలికాలంలో హాలెండులో ఘోరమైన కరువు వచ్చింది. బ్రెడ్డు దొరకలేదు. జనం ఆకలితో అలమటిస్తుంటే, ఈ జబ్బున్న పిల్లలు మాత్రం తేరుకున్నారు! మళ్లీ బ్రెడ్డు రాగానే మళ్లీ మంచమెక్కారు. గోధుమ మీద అప్పటికే ఆయనకున్న అనుమానానికి అది బలమిచ్చింది. 1950లో తన సిద్ధాంతగ్రంథంలో ఆ విషయం రుజువులతో సహా రాశాడు.

ఇంట్లోనే దొంగ

సరే, గోధుమపిండి డబ్బా ఖాళీ చేశాం. మైదా, బొంబాయి రవ్వ, సేమియా, బ్రెడ్డు, బిస్కెట్లు అన్నీ బంద్. నెల తిరిగేసరికి పిల్ల ముఖంలో కళ వచ్చింది. కానీ పూర్తిగా తగ్గలేదు. వారానికోసారి కడుపునొప్పి అంటూనే ఉంది. ఎక్కడుంది తేడా అని నేను వంటింట్లో డిటెక్టివులా తిరిగాను.

మొదటి దొంగ ఇంగువ డబ్బాలో దొరికాడు. అసలు ఇంగువ చాలా ఘాటు. అందుకని దాన్ని పిండితోనూ జిగురుతోనూ కలిపి మనకి అమ్ముతారు. ఆ పిండి కొన్నింట్లో బియ్యప్పిండి, చాలావాటిలో మైదా. డబ్బా వెనక చిన్న అక్షరాల్లో రాసే ఉంది. ఇన్నేళ్లూ ఎవరు చదివారు? మా ఇంట్లో చారులో ఇంగువ, పులిహోరలో ఇంగువ, ఊరగాయ పోపులో ఇంగువ. అత్తయ్యగారికి ఇంగువ లేనిదే పోపు పోపే కాదు. ఆవిడకి చెప్పడానికి నేను రెండు రోజులు జంకాను. చెప్పాక ఆవిడ ఏమీ అనలేదు. లేచి వెళ్లి డబ్బా తీసుకొచ్చి నా చేతిలో పెట్టి, "వెల్లుల్లి వేసుకుందాంలే" అన్నారు. కార్తీకమాసంలో వెల్లుల్లి ముట్టని మనిషి ఆవిడ. ఇప్పుడు బియ్యప్పిండితో చేసిన ఇంగువ వెతికి తెచ్చుకుంటున్నాం.

రెండో దొంగ పిండిమరలో. బియ్యం పట్టుకెళ్లి మర ఆడించుకొచ్చేదాన్ని. నాకు ముందు ఎవరో గోధుమలు ఆడించి వెళ్లుంటారు. ఆ మరలో మిగిలిన గోధుమపిండి మన బియ్యప్పిండిలోకి వస్తుంది. మనకది లెక్కలోకి రాదు. కానీ ఒక బ్రెడ్డు ముక్కలో గ్లూటెన్ గ్రాముల్లో ఉంటే, ఈ జబ్బున్నవాళ్లు చూసుకోవలసింది మిల్లీగ్రాముల లెక్క. ఇప్పుడు బియ్యం నానబోసి, ఆరబెట్టి ఇంట్లోనే మిక్సీలో పట్టుకుంటున్నాను. చపాతీ పీట, కర్ర, జల్లెడ... చెక్కవీ, చిల్లులవీ పిండిని దాచుకుంటాయి. అందుకని పాపకి జల్లెడ, పెనం విడిగా పెట్టాం.

ఈ రెండూ మానాక పిల్ల కడుపునొప్పి కూడా పోయింది. ఏడాదిలో మూడు కిలోలు పెరిగింది. పాత గౌనులు పొట్టైపోతే నాకు పండగలా అనిపించింది.

మూడు డబ్బాల పద్ధతి

అన్నవరం నుంచి వచ్చిన మర్నాడే బజారుకి వెళ్లి గుప్పెడు పట్టే స్టీలు డబ్బాలు మూడు కొన్నాను. గట్టిగా మూత పడేవి. ఒకటి ఉప్పు-కారం, ఒకటి తీపి, ఒకటి ఆ పూటకి తాజాగా పెట్టేది. ఇంట్లోంచి బయటికి అడుగుపెడితే సంచీలో ఈ మూడూ ఉండాల్సిందే. డబ్బా చిన్నది కావడంలో సుఖముంది. ఎక్కువ పట్టదు కనుక ఎక్కువ తినదు, రెండు మూడు రోజులకోసారి మారుతుంది కనుక విసుగూ పుట్టదు.

ఏం పెట్టాలా అని ఆలోచిస్తూ కూర్చుంటే నాకే నవ్వొచ్చింది. పెద్ద ఊళ్లలో గ్లూటెన్ లేని బిస్కెట్లు, కేకులు దొరుకుతాయట, తెప్పించుకుందామని మావారు అన్నారు. ఒకసారి తెప్పించాం కూడా. ధర చూస్తే గుండె గుభేలుమంది. రుచి చూస్తే పిల్ల పక్కన పెట్టేసింది. ఈలోగా మా అత్తయ్యగారు వంటింటి అటక మీద జాడీల వైపు చూపించి, "మనింట్లో గోధుమ ఎప్పుడొచ్చిందమ్మా? నా చిన్నప్పుడు చపాతీ అంటే జ్వరం వచ్చినవాళ్లకే. జంతికలూ, చిమ్మిలీ ఏ గోధుమతో చేశాం?" అన్నారు. నిజమే కదా!

మా ఇంట్లో నిలబడినవి కొన్ని చెబుతాను. కొద్దికొద్దిగా చేసుకునే కొలతలే ఇవి.

చిమ్మిలి: కప్పు నువ్వులు సన్నసెగ మీద చిటపటలాడేవరకు వేయించి చల్లార్చాలి. ముప్పావు కప్పు బెల్లం తురుముతో కలిపి రోట్లో దంచినా సరే, మిక్సీలో ఆపి ఆపి తిప్పినా సరే. నువ్వుల్లోంచి వచ్చే నూనెకే ఉండ కడుతుంది. పాకం గొడవ లేదు. ఉసిరికాయంత ఉండలు చెయ్యండి. నువ్వుల్లో కాల్షియమూ ఇనుమూ కూడా ఉంటాయి. ఈ పిల్లలకి కావలసినవి అవే.

సున్నుండలు: రెండు కప్పుల మినప్పప్పు, గుప్పెడు బియ్యం ఎర్రగా కమ్మని వాసన వచ్చేదాకా వేయించి పొడి చేసుకోవాలి. కప్పున్నర బెల్లం కలిపి, కరిగిన నెయ్యి పోస్తూ ఉండలు కట్టాలి. పదిహేను రోజులు నిలవుంటాయి, మిగిలితే!

జంతికలు: మూడు కప్పుల బియ్యప్పిండికి ఒక కప్పు పుట్నాలపప్పు పిండి, రెండు చెంచాల వెన్న, రెండు చెంచాల నువ్వులు, చెంచాడు వాము, ఉప్పు, కారం. ఇంగువ అక్కర్లేదు, వాము చాలు. చిన్న చిన్న చుట్లుగా వత్తితే డబ్బాలో విరక్కుండా పడతాయి. ఇదే పిండిలో నానబెట్టిన శనగపప్పు, కరివేపాకు కలిపి ఒత్తుకుంటే చెక్కలు.

అటుకుల పోపు: పల్చటి అటుకులు రెండు కప్పులు సన్నసెగ మీద కరకరలాడేలా వేయించాలి. రెండు చెంచాల నూనెలో వేరుశనగ గుళ్లు, పుట్నాలపప్పు, ఎండుమిర్చి, కరివేపాకు, పసుపు వేసి అటుకులు కలిపెయ్యడమే. పది నిమిషాల పని. మరమరాలతోనూ ఇంతే. నూనె తక్కువ కనుక రోజూ పెట్టినా భయం లేదు.

రాగి ఉండలు: కప్పు రాగిపిండి రెండు చెంచాల నేతిలో పచ్చివాసన పోయేదాకా వేయించాలి. అరకప్పు వేయించిన వేరుశనగ పొడి, ముప్పావు కప్పు బెల్లం కలిపి, కాస్త వేడి నెయ్యి పోసి ఉండలు చెయ్యాలి. వంద గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకి పైగా కాల్షియం ఉంటుంది. రాగులు కొని, ఏరి, కడిగి ఇంట్లోనే పిండి పట్టుకోవడం మేలు.

ఇక మూడో డబ్బా, తాజాది. దానికి వంటే అక్కర్లేదు. ఉడకబెట్టిన వేరుశనక్కాయలు, శనగల గుగ్గిళ్లు, చిలగడదుంప ముక్కలు, పుట్నాలపప్పు-బెల్లం, కొబ్బరిముక్క-బెల్లం, జామకాయ, అరటిపండు. చలికాలంలో మా గోదావరి జిల్లాల్లో తేగలు వస్తాయి. కాల్చినవి నాలుగు ముక్కలు విరిచి పెడితే దారి పొడవునా నములుతూనే ఉంటుంది. వేసవిలో ముంజలు, మామిడి తాండ్ర. మొక్కజొన్న పొత్తు ఎప్పుడూ ఉండనే ఉంది.

బజార్లో కొనేటప్పుడు

మాది కాకినాడ. కాజాల ఊరు. కాజా అంటే మైదా. తాపేశ్వరం మడత కాజా కూడా అంతే. గవ్వలు, కజ్జికాయలు, బొబ్బట్ల పైపొర, సమోసా... ఇవన్నీ వద్దు. అయినా దిగులు పడక్కర్లేదు. ఆత్రేయపురం పూతరేకులున్నాయి. వేడి కుండ మీద బియ్యపు పిండి జాలుతో తీసిన రేకులు, నెయ్యి, బెల్లమో పంచదారో. 2023లో వాటికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఒక్క రేకు చాలు, పెళ్లింట్లో పిల్ల చేతిలో పెడితే అందరికన్నా గొప్పది తిన్నట్టే ఉంటుంది. కాకపోతే మామూలు పాత రకమే తీసుకోండి. మాల్టు పొడులు, చాక్లెట్టు పొడులు చల్లిన కొత్త రకాల జోలికి పోకండి. శనగపిండితో చేసే బందరు లడ్డు, వేరుశనగ పట్టీ, నువ్వుల జీడి కూడా బాగుంటాయి. అయితే కొట్టువాణ్ణి అడిగి తెలుసుకోండి, కాజాలు చేసే బల్ల మీదే ఇవీ చేస్తున్నాడేమోనని.

పేరు చూసి మోసపోయే సరుకులు కొన్ని ఉన్నాయి. అవి గుర్తుపెట్టుకోండి.

రాగి బిస్కెట్టు, జొన్న బిస్కెట్టు అని పైన పెద్ద అక్షరాలుంటాయి. ప్యాకెట్టు తిప్పి చూడండి. ఏది ఎక్కువ ఉంటే దాని పేరు ముందు రాయాలన్నది నియమం. చాలావాటిలో ముందుండేది గోధుమపిండో, మైదానో.

మల్టీగ్రెయిన్ పిండి అంటే రకరకాల ధాన్యాలు కలిపారని సంబరపడతాం. అందులో ఎక్కువ భాగం సాధారణంగా గోధుమే.

చేగోడీలు మనింట్లో బియ్యప్పిండివే. కొట్లో అమ్మేవాటిలో కరకర కోసం మైదా కలపడం కద్దు. పునుగులూ అంతే. మైసూరు బజ్జీ పూర్తిగా మైదా. మిరపకాయ బజ్జీ శనగపిండిదే కదా అనుకుంటాం, కానీ రెండూ వేగేది ఒకే మూకుడులో, ఒకే నూనెలో.

హోటల్లో ఇడ్లీ నయం. రవ్వదోశ వద్దు, దాంట్లో బొంబాయి రవ్వ, మైదా ఉంటాయి. మామూలు దోశ కూడా ఆ రవ్వదోశ వేసిన పెనం మీదే వేస్తారు. సాంబారులో ఇంగువ సంగతి చెప్పనే చెప్పాను. మేమైతే ఇడ్లీ తెప్పించుకుని ఇంటి నుంచి తెచ్చిన కారప్పొడి, నెయ్యి వేసి పెట్టేస్తాం.

ఓట్సులో గోధుమ లేకపోయినా, పండించే చోటా మిల్లుల్లోనూ గోధుమ కలుస్తుంది. డాక్టర్ని అడగకుండా మొదలుపెట్టకండి. సోయాసాసులో కూడా గోధుమ ఉంటుంది, కాబట్టి బండి మీద నూడుల్సే కాదు, ఫ్రైడ్ రైసు కూడా వద్దు.

"గ్లూటెన్ ఫ్రీ" అని ప్యాకెట్టు మీద వెయ్యాలంటే కిలోకి 20 మిల్లీగ్రాములకి మించి గ్లూటెన్ ఉండకూడదని మన ఆహార భద్రతా సంస్థ నిబంధన. గోధుమ ఉంటే ఆ సంగతి విడిగా రాయాలన్న నియమమూ ఉంది. అక్షరాలు చిన్నవి. నేను కళ్లజోడు పెట్టుకుని మరీ చదువుతాను. కొట్టువాడు "చదువుకునే కొనాలాండీ?" అని నవ్వుతాడు. నవ్వనీ.

బళ్లో, బండిలో, పెళ్లిలో

బళ్లో పుట్టినరోజులు మా పాపకి పెద్ద గండం. నెలకి రెండు మూడు వస్తాయి. టీచరుగారితో మాట్లాడి ఒక డబ్బా ఆవిడ అలమారాలో పెట్టించాను. వేరుశనగ పట్టీ ముక్కలు పది, విడివిడిగా కాగితంలో చుట్టినవి. కేకు పంచిన రోజున ఆవిడే పిలిచి ఒకటి ఇస్తారు. అందరితోపాటు పాప చేతిలోనూ ఒకటి ఉంటుంది. నెలకోసారి డబ్బా నింపుతాను. ఇప్పుడు ఆ తరగతి పిల్లలే పాపతో బేరాలాడుతున్నారట, కేకు తీసుకుని పట్టీ ఇస్తావా అని. పట్టీ ఇస్తుంది, కేకు మాత్రం తీసుకోదు. ఒక్కటే జాగ్రత్త. వేరుశనగ పడని పిల్లలు కూడా ఉంటారు, టీచరుగారితో ముందే అనుకోండి. అలాంటి పిల్లలున్న తరగతైతే మరమరాల ఉండలు పెట్టండి.

ప్రయాణాల్లో రైలు ఎంతసేపు ఆలస్యమవుతుందో చెప్పలేం. అందుకని రోజుకి సరిపడా కాక, ఒక పూటకి ఎక్కువే కట్టుకోవాలి. పులిహోర, దద్దోజనం మన పూర్వులు కనిపెట్టిన ప్రయాణపు భోజనాలు. ఇంగువ ఒక్కటి చూసుకుంటే సరి.

పెళ్లిళ్లలో నేను ముందే వంటవాళ్ల దగ్గరకి వెళ్లి అడుగుతాను. మొదట్లో సిగ్గేసేది, గొప్పలు పోతున్నాననుకుంటారేమోనని. ఒక పెళ్లిలో ఒక పెద్ద వంటాయన విసుక్కుంటారనుకుంటే, "మా మనవడికీ ఇదేనమ్మా" అన్నారు. పాపకి విడిగా గిన్నెలో అన్నం, ముద్దపప్పు, నెయ్యి ముందే తీసిపెట్టారు. అడిగితే కదా తెలిసేది!

ఒక హెచ్చరిక కూడా చెయ్యాలి. గోధుమ లేదు కదా అని పగలంతా జంతికలు, ఉండలు పెడుతూ కూర్చోకండి. నూనె నూనే, బెల్లం బెల్లమే. తీపి డబ్బాలోంచి రోజుకి ఒక ఉండ, కారం డబ్బాలోంచి గుప్పెడు, తాజా డబ్బా మాత్రం ఎంత తింటే అంత. ఇదీ మా ఇంటి చట్టం. అలాగే బరువు తగ్గడానికని ఈ జబ్బు లేనివాళ్లు గోధుమ మానడం ఈమధ్య ఒక మోజైంది. వాళ్లతో నాకు తగువు లేదు. కాకపోతే వాళ్లు సరదాకి ఒక రోజు మాని ఒక రోజు తింటుంటారు. అది చూసి మా పిల్లకి కూడా "ఒక్క ముక్కకి ఏమవుతుంది" అనకండి. ఒక్క ముక్కకీ అవుతుంది. పైకి కనపడకపోయినా లోపల పేగుకి తెలుస్తుంది.

మళ్లీ ప్రసాదం

ఈ శ్రావణంలో మా ఇంట్లో సత్యనారాయణ వ్రతం చేసుకున్నాం. నాలుగు రోజుల ముందు నుంచీ నాకు ఒకటే గుబులు, ఈసారి నైవేద్యం ఎలాగా అని. పాపకి విడిగా ఏదైనా చేసి పెడదామనుకున్నాను. అత్తయ్యగారు మాత్రం పురోహితులవారిని పిలిపించి నేరుగా అడిగేశారు. "మా మనవరాలికి గోధుమ పడదండీ. స్వామివారి ప్రసాదం అది తినకుండా మేమెలా తినడం?" అని.

ఆయన నవ్వి, "వ్రతకథలోనే ఉంది కదండీ, గోధుమపిండి లేకపోతే బియ్యప్పిండితో చెయ్యమని. పంచదార గానీ బెల్లం గానీ కలపమని. స్వామి ఎప్పుడో దారి చూపించాడు" అన్నారు.

అన్నేళ్లుగా ఆ కథ వింటున్నాను. ఆ ముక్క ఎప్పుడూ నా చెవికెక్కలేదు.

అత్తయ్యగారే మడి కట్టుకుని బియ్యపు నూక దోరగా వేయించారు. నెయ్యి, బెల్లం, ఏలకులు, అరటిపండు ముక్కలు. పూజ అయ్యాక పళ్లెంతో వచ్చారు. మొదటి ముద్ద మా అమ్మాయికి. ఈసారి చేతులు వెనక్కి పోలేదు. రెండూ కలిపి దోసిలి పట్టింది. తినేసి, "ఇంకొంచెం పెట్టవా నాయనమ్మా?" అంది.

పేరంటానికి వచ్చిన ముప్పై మందిలో ఒక్కరు కూడా తేడా కనిపెట్టలేదు. కనిపెట్టినా నాకు బాధ లేదు.

మీ ఇంట్లోనో, పక్కింట్లోనో, మీ పిల్లల తరగతిలోనో ఇలాంటి పిల్ల ఒకరుంటే ఒక్క పని చెయ్యండి. జాలి పడకండి, సలహాలివ్వకండి. ఏం తింటుందో వాళ్లమ్మని అడిగి, అది ఒక చిన్న డబ్బాలో పెట్టి మీ ఇంట్లో ఉంచండి. ఆ పిల్ల మీ గుమ్మంలోకి వచ్చినప్పుడు చేతిలో పెట్టడానికి మీ దగ్గర ఏదో ఒకటి ఉండాలి కదా!